తప్పు చేసినవాళ్ళను పంపే ప్రాంతం

భూగోళం పుస్తకాల్లో ప్రాంతాల గురించి చాలా రాస్తారు. వాన ఎక్కువ పడే ప్రాంతం, తక్కువ పడే ప్రాంతం, నల్లరేగడి ప్రాంతం, గడ్డి మైదానాల ప్రాంతం. రంగులు వేసి, గీతలు గీసి, ఏ రంగుకు ఏమర్థమో పటం మూలన ఒక చిన్న పెట్టెలో చెబుతారు. నేను చదివిన పుస్తకాల్లోనూ, తర్వాత పిల్లలకు చెప్పిన పుస్తకాల్లోనూ ఒక రకం ప్రాంతం మాత్రం ఎక్కడా కనబడలేదు. నేను పుట్టింది సరిగ్గా అందులోనే. తప్పు చేసిన సర్కారు నౌకర్లను శిక్షగా పంపే ప్రాంతం అది. దానికి రంగు లేదు, గీత లేదు. కానీ బదిలీ కాగితాల మీద సంతకాలు పెట్టే ప్రతి అధికారికీ అది ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఊరు ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు రైల్లో గోదావరి వంతెన దాటాలి, మందమర్రి బొగ్గుబావులు దాటాలి, ఆ తర్వాత వచ్చే ఒక చిన్న స్టేషన్లో దిగాలి. అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య బండిబాట. మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. మా బాపుకు ఎడ్లబండి ఉండేది. ఇంత పత్తి, ఇంత జొన్న పండించుకుంటూ, రైలు వేళకు స్టేషనుకు బండి కట్టేవాడు. ఊరికి వచ్చే నౌకరీవాళ్ళంతా ముందు మా బాపు బండి ఎక్కాల్సిందే. నైజాం కాలంలో వాళ్ళ హోదాలకు ఉర్దూ పేర్లుండేవి. పోలీసు యాక్షన్ అయ్యాక కొన్ని పేర్లు మారాయి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఇంకొన్ని మారాయి. వాళ్ళను మా ఊరికి పంపే కారణం మాత్రం మారలేదు.

లంచం తింటూ దొరికిన జమాదారు మా ఊరికే వచ్చాడు. దవాఖానాలో తాగి పడిపోయిన కంపౌండరు మా ఊరికే వచ్చాడు. ఎక్కడో కలప అమ్ముకున్న అడవి గార్డును తెచ్చి, ఇంకా ఎక్కువ కలప ఉన్న మా అడవికి కాపలా పెట్టారు. ఆ తెలివికి ఏం పేరు పెట్టాలో నాకిప్పటికీ తెలియదు. వీళ్ళతోపాటు, తప్పు చేయమంటే చేయనన్నందుకు వచ్చినవాళ్ళూ ఉండేవారు. పై అధికారికి ఇద్దరూ ఒకటే, మా బాపు బండికీ ఇద్దరూ ఒకటే.

స్టేషన్లో దిగగానే వాళ్ళ మొహాలు చూడాలి. ఎవరో చచ్చిపోయారన్న కబురు విన్నట్టు నిలబడేవాళ్ళు. బండిలో కూర్చున్నది మొదలు ఊరు చేరేదాకా ఒకటే అడుగుడు: ఇక్కడ పులులు తిరుగుతాయా, నీళ్ళు పడతాయా, చలిజ్వరం అందరికీ వస్తుందా, ఇంతకు ముందున్నాయన ఎన్నాళ్ళకు బయటపడ్డాడు? బాపు అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పేవాడు. ఇంటికి వచ్చాక మాత్రం మా అవ్వతో సామాను సంగతే చెప్పేవాడు. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట మాత్రమే తెచ్చినవాడు పండుగ లోపల పోతాడు. వంటసామాను తెచ్చినవాడు ఏడాది ఉంటాడు. జొన్నలు విసురుకునే ఇసుర్రాయి తెచ్చిన మనిషి మాత్రం ఉండడానికే వచ్చినట్టు. అట్లాంటివాడు ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు.

నాకు బుద్ధి తెలిసినప్పుడు ఒకరోజు అవ్వను అడిగాను.

"అవ్వా, గిక్కడికి వచ్చెటోళ్ళంత తప్పు జేసినోళ్ళేనాయె. వాళ్ళకు గిది శిక్ష అంటరు. మరి మనం గిక్కడే ఉంటున్నం గదా. మనం ఏం తప్పు జేసినం?"

అవ్వ చాటలో జొన్నలు చెరుగుతోంది. చెయ్యి ఆపకుండానే, "నీకు నోరు ఎక్కువైంది. పోయి బర్రెకు గడ్డెయ్యి" అంది. బర్రెకు గడ్డి వేసి వచ్చాను. ప్రశ్న ఎక్కడిది అక్కడే ఉంది.

మా దగ్గర్నుంచి బయటికి పోయే వస్తువులకు మాత్రం ఏ వంకా లేదు. టేకు దుంగలు పోయేవి, వెదురు పోయేది, పత్తి బేళ్ళు పోయేవి, మందమర్రి బొగ్గు వ్యాగన్లకు వ్యాగన్లు పోయేది. ఆ బొగ్గుతో నడిచే రైల్లోనే, ఆ టేకుతో చేసిన బెంచీల మీద కూర్చునే ఈ మహానుభావులు ఏడుస్తూ మా ఊరికి వచ్చేవారు. మా టేకు కావాలి, మా బొగ్గు కావాలి, మా మధ్య ఉండమంటే మాత్రం ఉరిశిక్ష వేసినట్టు. మా స్కూలు పుస్తకంలో జిల్లాకు దక్కింది ఒక్క ముక్క: అడవులు, బొగ్గు, చలిజ్వరం, వెనుకబాటు. దాన్ని కంఠతా పట్టి అప్పజెబితేనే మాకు మార్కులు.

నాకు పద్నాలుగేళ్ళు వచ్చేసరికి మా ఊరి బడిలో పై తరగతులు పెట్టారు. బడి చదువుకు ఆఖరిదైన హెచ్చెస్సీ పరీక్షకు కూర్చోబోయే మొదటి జట్టు మాదే. జట్టులో ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ నా దోస్తూ. మొదటి జట్టు గట్టెక్కకపోతే పై తరగతులు ఎత్తేస్తారని హెడ్మాస్టరు మా ఇళ్ళకు వచ్చి చెప్పిపోయాడు. బాపు నాకు పెట్టిన షరతు ఒక్కటే.

"బడి ఊర్లె ఉన్నన్ని దినాలు సదువుకో బిడ్డా. ఊరు దాటి మాత్రం పంప."

అంటే బడి ఉంటే నా చదువుంటుంది, బడి పోతే నా చదువు పోతుంది. బడి ఉండాలంటే పాఠం చెప్పేవాడు పరీక్షలదాకా ఉండాలి. ఆ రెండేళ్ళూ నాకు ఇంకో ధ్యాస లేదు. రైలు కూత వినబడితే చాలు, ఎవరొచ్చారో, ఎవరు పోతున్నారో అని వాకిట్లోకి ఉరికేదాన్ని.

ముందు లెక్కల సారు వచ్చాడు. ఎందుకు శిక్ష పడిందో గాని మంచి సారు. ఆయన చెబితే మొద్దులకు కూడా లెక్కలు వచ్చేవి. ఊరివాళ్ళు మురిసిపోయారు. బడి తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున డప్పులు పెట్టి, లెక్కల సారు తలకు రుమాలు చుట్టి, బంతిపూల దండ వేసి, ఇట్లాంటి సారును మా తాతల నాడు కూడా చూడలేదని ఇన్‌స్పెక్టర్ ముందు పొగడ్తలు కురిపించారు. ఇన్‌స్పెక్టర్ తలూపి రాసుకున్నాడు. నెల తిరక్కుండానే లెక్కల సారుకు కరీంనగర్ బదిలీ అయింది. ప్రవర్తన బాగుపడింది కాబట్టి శిక్ష తీసేశారట. మా పొగడ్తలే ఆయన్ను మా చేతిలోంచి లాక్కుపోయాయి. ఆ రుమాలే తలకు చుట్టుకుని బాపు బండెక్కి పోయాడు. పప్పులో కాలేశామని అప్పుడు తెలిసింది ఊరికి.

ఆ తర్వాత భూగోళం సారు వచ్చాడు. గోదావరికి అవతల, పెద్దపల్లి దగ్గర ఒక బడిలో ఒక దొర కొడుకు పరీక్షలో చూసి రాస్తుంటే కాగితం గుంజుకున్నాడట. అదీ ఆయన తప్పు. భార్యతో దిగాడు. ట్రంకు పెట్టె, బట్ట అంటించిన పెద్ద పటాల చుట్ట, వాటితోపాటు ఒక ఇసుర్రాయి. ఆ సాయంత్రం బాపు ఇంట్లోకి వస్తూనే కేకేశాడు.

"ఇసుర్రాయి తెచ్చిండే! గీ సారు ఉంటడు. ఇగ ఫికర్ లేదు."

నేను ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నాను.

భూగోళం సారు పుస్తకం తెరిచింది తక్కువ. ప్రాంతం అంటే ఏమిటో చెప్పాల్సిన రోజున మమ్మల్ని బడి వెనక్కు తీసుకుపోయి గుండ్రంగా కూర్చోబెట్టాడు. పిడికెడు మన్ను తీసి చూపించాడు.

"గీ నల్లమన్ను ఎంతదూరం ఉన్నదో, పత్తి ఎంతదూరం పండుతదో, గంతదూరం ఒక ప్రాంతం. నేల, వాన, పంట ఒక్క తీరుగ ఉంటయ్. గిది ఒక రకం."

తర్వాత మన్ను మీద పుల్లతో చుక్క పెట్టి, మా ఊళ్ళో వారానికోసారి జరిగే అంగడికి ఏ ఏ ఊళ్ళ నుంచి బండ్లు వస్తాయో చెప్పమన్నాడు. అందరం అరిచాం. మా బాపు బండి తిరిగే ఊళ్ళన్నీ నేనే చెప్పాను. చెప్పిన ఒక్కో ఊరి నుంచి చుక్కదాకా గీత గీశాడు. "చూసిండ్రా? గీ ఊళ్ళల్ల నేల ఒక్కతీరు లేదు. కొన్ని ఎర్రమన్ను, కొన్ని నల్లమన్ను. అయినా అన్ని గీ అంగడి సుట్టే తిరుగుతయ్. గిదొక ప్రాంతం. గిది రెండో రకం." మూడోది సర్కారు గీసుకున్న తాలూకాలు, జిల్లాలు. పటం మీద పెన్సిలు కదిపితే మారిపోయేవి. మా జిల్లాలోనే మరాఠీ మాట్లాడే ఒక తాలూకా, రాష్ట్రాలు విడదీసినప్పుడు అవతలి రాష్ట్రంలోకి పోయిందని, ఆ రోజు పొద్దున అక్కడ ఒక్క చెట్టూ కదల్లేదని చెప్పాడు.

"ఇగ నాల్గో రకం. గివి జనాల మాటల ఉంటయ్. అవతలి ఒడ్డు అంటరు, అడవి దేశం అంటరు. హద్దురాయి ఉండదు. ఎక్కడ షురువైతదో ఎవ్వలు సూపెట్టలేరు. కని అందరికి తెలుసు."

నేను లేచి నిలబడ్డాను. ఎప్పటినుంచో లోపల ఉన్న ప్రశ్న, అవ్వ బర్రె దగ్గరికి తోలేసిన ప్రశ్న, ఆగలేదు.

"సార్, మాది తప్పు జేసినోళ్ళను పంపే ప్రాంతం. గది ఎన్నో రకం సార్?"

అందరూ బిక్కచచ్చిపోయారు. సారును కూడా అట్లాగే పంపారని అందరికీ తెలుసు. ఆయన చేతిలోని పుల్ల కింద పెట్టి నా వైపు చూశాడు.

"నాల్గో రకం బిడ్డా. దాని హద్దు నేల మీద లేదు. ఆఫీసులల్ల కుర్సీల మీద కూసున్నోళ్ళ నెత్తిలున్నది. నేను గూడ వంతెన దాటేటప్పుడు గట్లనే అనుకున్న. గిక్కడికొచ్చి చూస్తే మనుషులు అవే మాటలు మాట్లాడ్తుండ్రు, అవే రొట్టెలు తింటుండ్రు. కోపం రావాలె నీకు. వస్తే మంచిదే. కని సదువు మీద సూపియ్యి గా కోపం."

నా కోపాన్ని తప్పనకుండా మాట్లాడిన మొదటి పెద్దమనిషి ఆయనే. ఆ రోజు నుంచి సాయంత్రం దీపాలు పెట్టేదాకా మమ్మల్ని కూర్చోబెట్టి చదివించాడు. ఆదివారాలు కూడా పిలిచాడు. లెక్కలు చెప్పేవాడు లేకపోతే అవీ తనే చెప్పాడు. పరీక్షలకు ఇంకా ఐదారు నెలలు ఉన్నాయి. ఈ మనిషి అప్పటిదాకా ఉంటే చాలు, మేం గట్టెక్కుతాం, బడి నిలుస్తుంది. ఊళ్ళో అందరికీ అది అర్థమైంది.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని కబురు వచ్చింది. పెద్దలంతా మా బండి కొట్టం కింద కూర్చుని మంతనాలు మొదలుపెట్టారు. పోయినసారి పొగిడి చెడగొట్టుకున్నారు. మంచివాడంటే తీసుకుపోతున్నారు, చెడ్డవాడంటే ఇక్కడే ఉంచుతున్నారు. సర్కారు లెక్క అదే కదా? అయితే ఈసారి భూగోళం సారు మీద ఫిర్యాదు చేద్దాం. శిక్ష తీరకుండా ఉంటుంది, సారు మన దగ్గరే ఉంటాడు. తలతిక్క సర్కారుకు తలతిక్క ఉపాయం. అందులో నాకిప్పటికీ తప్పు కనబడదు. అధికారులతో మాట్లాడే అలవాటున్నవాడని ఫిర్యాదు చేసే పని మా బాపు మీద పెట్టారు. సారుకు చెబితే ఒప్పుకోడని ఆయనకు చెప్పలేదు. అవ్వ ఒక్కతే మూతి తిప్పింది.

"మంచోని మీద చాడీలు చెప్తె నోట్లె పురుగులు పడ్తయ్. జర సోంచాయించుండ్రి."

బాపు వినలేదు. నా చదువు కోసమే వినలేదు.

ఇన్‌స్పెక్టర్ జీపులో వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, నవ్వుమొహం, మాట మెత్తన. తనిఖీ అయ్యాక బడి ముందు కుర్చీ వేసుకుని, ఏమైనా చెప్పుకునేది ఉందా అని ఊరివాళ్ళను అడిగాడు. పక్కనే భూగోళం సారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేం అరుగు మీద నుంచి చూస్తున్నాం. బాపు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"భూగోళం సారు మీద ఫిర్యాదున్నది దొరా."

సారు ఉలిక్కిపడ్డాడు. "చెప్పవయ్యా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మా బాపు జన్మలో అబద్ధం ఆడి ఎరగడు. సారు తాగుతాడని చెప్పు, డబ్బు తింటాడని చెప్పు అని అందరూ నేర్పి పంపారు. ఆ సమయానికి ఆ మాటలు నోటికి రాలేదు. తెలిసిన నిజాలనే కోపంగా చెప్పడం మొదలుపెట్టాడు.

"పోరగాండ్లను కొట్టడు సార్. కొట్టకపోతే భయముంటదా?"

"ఇంకా?"

"బడి ఇడిసినంక గూడ ఇంటికి తోలడు. దీపాలు పెట్టేదాక కూసోవెట్టి చెప్తడు. పసులకాడికి పోయెటోడు లేక మేం పరేషానైతున్నం."

"ఇంకా?"

"ఐతారం గూడ పిలుస్తడు సార్. లెక్కల సారు లేడని లెక్కలు గూడ ఈయననే చెప్తడు. ఒగని పని ఇంకొగడు చేసుడేంది?"

వెనక నుంచి ఒక ముసలాయన సాయానికి వచ్చాడు. "ఆడపోరీలను గూడ పటం ముందర నిలవెట్టి ప్రశ్నలడుగుతడు సార్!"

ఇన్‌స్పెక్టర్ కాసేపు తెల్లమొహం వేసి, తర్వాత పగలబడి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆయన మూర్ఖుడు కాదు, సంగతి మొత్తం పట్టేశాడు. జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ సారు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమండీ మాస్టారూ, మీమీద ఎంత ప్రేమండీ వీళ్ళకి! ఇంత మంచి టీచర్ని ఈ అడవిలో పడేసి వృథా చేస్తున్నారు మావాళ్ళు. మీరు దిగులు పడకండి. నేను రాస్తాను."

వృథా. ఆ మాట నా చెవిలో పడ్డప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది. పొగిడితే తీసుకుపోయారు. తిడితే కూడా తీసుకుపోతున్నారు. మా పిల్లలకు నాలుగు అక్షరాలు చెబితే అది వృథా, అవే నాలుగు అక్షరాలు కరీంనగర్ పిల్లలకు చెబితే సద్వినియోగం! దుర్మార్గుడు అని ఉంటే ఆ మాట ఎప్పుడో మర్చిపోయేదాన్ని. దయగల మనిషి, మా మేలు కోరేవాడిననుకునే మనిషి, మా ఎదురుగా, మాకు వినబడేటట్టు, నవ్వుతూ అన్నాడు.

బాపు ఇన్‌స్పెక్టర్ కాళ్ళకు అడ్డం పడ్డాడు. "గట్ల గాదు సార్. నేను చెప్పింది తప్పు. సారు మంచోడు. మంచోడైతే మాకు ఉండద్దా? మంచోళ్ళు మాకు ఒద్దా సార్?"

"నీకు తెలియదులే పెద్దాయనా" అన్నాడు ఇన్‌స్పెక్టర్, మెత్తగానే. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు సారే మా ఇంటికి నడిచి వచ్చాడు. ఈసారి పెద్దపల్లికే వేశారు. ఉండిపోతానని రాశాననీ, వచ్చిన ఉత్తర్వు వద్దనే హక్కు నౌకరుకు లేదన్నారనీ చెప్పాడు. ఆయన భార్యకు రెండుసార్లు చలిజ్వరం వచ్చి పోయింది. ఆమెకు పుట్టింటి వైపు పోతున్నామన్న ఆశ ఉంది. ఆశపడ్డందుకు ఆమెను తప్పు పట్టలేం. సారు కళ్ళనీళ్ళ పర్యంతమై, "నేను ఏం జేయాలె అన్నా?" అన్నాడు.

బాపు లేచి కొట్టంలోకి పోయి, ఎడ్ల మెడలు నిమిరి, తిరిగి వచ్చాడు.

"మా టేకు తీస్కపోయిండ్రు. మా బొగ్గు తీస్కపోయిండ్రు. లెక్కల సారును తీస్కపోయిండ్రు. ఇగ నిన్ను గూడ తీస్కపోతుండ్రు. ఇగ నాకాడ గీ పిల్లనే ఉన్నది. దీన్ని గూడ తీస్కపో సారూ. నీ ఇంట్ల ఇంత రొట్టె పెట్టి పరీక్ష రాపియ్యి."

ఊరు దాటి పంపనన్న మనిషి. ఆ మాట ఆయనే అన్నాడు. అవ్వ లబోదిబోమంది, ఆడపిల్లను అవతలి ఒడ్డుకు తోలేస్తావా అని బాపును తిట్టిపోసింది. సారు భార్య అవ్వ పక్కన కూర్చుని, "నా బిడ్డ లెక్క చూసుకుంట అక్కా, రంది పడకు" అంది. మర్నాడు సామాను బండికి ఎత్తుతుంటే ఆమె ఇసుర్రాయిని దింపించి మా వసారాలో పెట్టించింది. "బండిల పిల్ల కూసునే జాగ లేదు. రాయి గిక్కడనే ఉండనియ్యి" అంది. ఆ రాయి ఉన్న చోట నేను కూర్చున్నాను. ఇసుర్రాయి తెచ్చినవాడు ఉంటాడన్న బాపు లెక్క తప్పింది. రాయి ఉంది, సారు పోయాడు. స్టేషన్లో రైలు కదిలేటప్పుడు బాపు ఎడ్లనే చూస్తూ నిలబడ్డాడు గాని నా వైపు చూడలేదు.

పెద్దపల్లిలో బడి పిల్లలు నన్ను చుట్టుముట్టి, మీ దగ్గర పులులు ఇళ్ళలోకి వస్తాయా, ఆకులు కట్టుకుంటారా అని అడిగారు. వాళ్ళ మాటా నా మాటా ఒక్కటే, మధ్యలో ఒక వంతెన, అంతే. నేను పరీక్ష గట్టెక్కినప్పుడు అక్కడి హెడ్మాస్టరు నన్ను మెచ్చుకుంటూ, ఇంత తెలివైన పిల్ల ఆ అడవిలో ఉంటే వృథా అయిపోయేదన్నాడు. మళ్ళీ అదే మాట. మెచ్చుకోలుకు దండం పెట్టకుండా వచ్చేశాను.

ఊళ్ళో భూగోళం సారు జాగాలో పరీక్షలదాకా ఎవ్వరూ రాలేదు. మా జట్టులో మిగిలినవాళ్ళు ఒక్కరూ గట్టెక్కలేదు. పై తరగతులు ఎత్తేశారు. చదువు మీద ఆసక్తి లేని ప్రాంతమని కారణం చెప్పారట. ఆసక్తి లేదట! పాఠం చెప్పే మనిషి కోసం అధికారి కాళ్ళ మీద పడ్డ ఊరికి ఆసక్తి లేదట. నా దోస్తుకు ఆ ఎండాకాలమే పెళ్ళి చేశారు. మగపిల్లలు మందమర్రి బావుల్లో బొగ్గు తట్టలెత్తడానికి పోయారు. వాళ్ళంతా నాకంటే మందమతులు కారు. నాకు దొరికింది వాళ్ళకు దొరకలేదు, అంతే.

కరీంనగర్‌లో టీచరు ట్రైనింగ్ అయ్యాక, మా జిల్లాలో నౌకరీకి పెట్టుకుని మా ఊరే కావాలని అడిగాను. ఉత్తర్వు తీసుకోవడానికి ఆదిలాబాద్ ఆఫీసుకు పోతే గుమాస్తా కాగితం చూసి, కళ్ళజోడు పైకెత్తి, నన్ను జాలిగా చూశాడు. హైదరాబాద్‌వాళ్ళకు ఆదిలాబాద్ శిక్ష. ఆదిలాబాద్‌వాళ్ళకు మా తాలూకా శిక్ష. మా ఊరివాళ్ళూ తక్కువ తినలేదు, అల్లరి పిల్లలను గుట్ట మీది గూడేనికి తోలేస్తామని బెదిరించేవాళ్ళు.

"ఏం తప్పు జేసినవమ్మా, గంత చిన్న వయసుల గక్కడికి ఏసిండ్రు?" అన్నాడు గుమాస్తా.

"అక్కడ పుట్టిన సార్" అన్నాను.

ఆయన తల దించుకుని ముద్ర వేసి ఇచ్చాడు. బాగా అన్నానని బస్సులో దారంతా మురిసిపోయాను. ఎన్నేళ్ళ కోపమో ఆ ఒక్క మాటతో తీరినట్టయింది.

బాపు బండి తెచ్చాడు. పాత అలవాటుకొద్దీ ముందు నా సామాను వైపు చూశాడు. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట. "ఇసుర్రాయి ఇంట్లనే ఉన్నది గదా బాపూ" అన్నాను. అప్పుడు నవ్వాడు. ఆ రాయి వసారాలో పెట్టిన చోటే ఉంది, అవ్వ రోజూ దాని మీదే జొన్నలు విసురుతోంది.

మర్నాడు ఐదో తరగతికి భూగోళం చెప్పడానికి పోయాను. బడి వెనక పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, పిడికెడు నల్లమన్ను చేతిలోకి తీసుకున్నాను. ఇంకా నోరు తెరవలేదు. ముందు కూర్చున్న ఒక చిన్నపిల్ల, నూనె పెట్టి రెండు జడలు వేసుకున్న పిల్ల, చెయ్యెత్తింది.

"టీచర్, మీరు ఏం తప్పు జేసి వచ్చిండ్రు?"

గుమాస్తాకు చెప్పిన జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఇక్కడ పుట్టానని చెబితే, ఇక్కడే పుట్టిన ఆ పిల్లకు నేను ఏం చెప్పినట్టు?

"ఏ తప్పూ చెయ్యలే బిడ్డా. నేనే అడిగి వచ్చిన. నాకు గీ ఊరే కావాలని అడిగిన" అన్నాను.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొందరు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. నన్ను కిందికీ మీదికీ చూసి, పెద్దవాళ్ళు అబద్ధం చెబితే పిల్లలు చూసే చూపు చూసి, మెల్లగా అంది.

"గిక్కడికి ఎవ్వలన్న అడిగి వస్తరా టీచర్?"